షోర్ మీటరు చెప్పని సంగతి: రబ్బరు సరుకు కొనే అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కొనుగోలు అధికారులకు నమస్కారం.

హైదరాబాద్‌లో కర్మాగారాలకూ ఆసుపత్రులకూ కార్పొరేషన్లకూ రబ్బరు చాపలు, వాషర్లు, పైపుల గాస్కెట్లు, యంత్రాల కాళ్ల కింద పెట్టే దిమ్మెలు కొనేది మీరే కాబట్టి మీ అందరికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను. ఒక్కొక్కరికీ విడిగా రాయకపోవడానికి కారణం భయం కాదు, మొహమాటం. మీలో చాలామంది నా షెడ్డులో టీ తాగి వెళ్లినవారే.

నాది చర్లపల్లిలో చిన్న మిక్సింగ్ మిల్లు. ఎదురెదురుగా తిరిగే రెండు ఇనుప రోలర్లు, ఒక తూకం, ఒక చిన్న ప్రెస్సు, గోడవారగా బస్తాలు. బాలానగర్, కాటేదాన్, జీడిమెట్లలో ప్రెస్సులు పెట్టుకుని సరుకు అచ్చుపోసే చిన్న యజమానులకు కాంపౌండ్, అంటే దినుసులన్నీ వేసిన రబ్బరు ముద్ద, కలిపి ఇవ్వడం ముప్ఫై ఏళ్లుగా నా వృత్తి. పెళ్లిలో వంటవాడి స్థానం నాది. వడ్డించేది ఇంకొకరు, తినేది మీరు. పప్పు పలుకుగా ఉందంటే మాత్రం కబురు నేరుగా పొయ్యి దగ్గరికే వస్తుంది.

కిందటి వానాకాలంలో అలాంటి కబురే వచ్చింది. ఒక సంస్థ, పేరు అనవసరం, మోటార్ల కింద వేయడానికి కొన్న దిమ్మెలు నాలుగు నెలలకే అణిగిపోయాయని సరుకు మొత్తం వెనక్కి పంపింది. కారణం ఒక్క ముక్కలో రాశారు: ‘మట్టి కలిపిన రబ్బరు.’ ఆ తర్వాత వాళ్లు పిలిచిన టెండరులో కొత్త షరతు కనిపించింది: ‘రబ్బరులో మట్టి ఏ రూపంలోనూ ఉండరాదు.’ అదే వారం మరో సంస్థ టెండరు కూడా నా బల్ల మీదికి వచ్చింది. అందులో ఉన్నదల్లా ‘షోర్ హార్డ్‌నెస్ 65, అయిదు అటూ ఇటూ, అతి తక్కువ ధరకు’ అని. షోర్ హార్డ్‌నెస్ అంటే చేతి మీటరు సూదిని రబ్బరుకు నొక్కి చూసే గట్టితనం అంకె. మట్టి ఊసు లేదు, మరి దేని ఊసూ లేదు.

మొదటివారు మట్టిని దొంగ అంటున్నారు. రెండోవారు తలుపులు తెరిచిపెట్టి నిద్రపోతున్నారు. ఇద్దరికీ నేను విన్నవించుకునేది ఒకటే. రబ్బరు చెడేది మట్టి పడినందువల్ల కాదు, మట్టితో పాటు పడవలసిన చిటికెడు దినుసులు పడనందువల్ల. ఆ చిటికెడు పడిందో లేదో మీ చేతిలోని షోర్ మీటరుకు తెలియదు.

ముందు మట్టి సంగతి. కేరళ నుంచి వచ్చే రబ్బరు షీట్లు మీరు చూసే ఉంటారు: బెల్లం రంగులో, పొగ వాసన కొడుతూ, ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. ఆ రబ్బరుకు గంధకం కలిపి ఉడికిస్తే సాగుతుంది, తెగదు, వదిలితే వెనక్కి వస్తుంది. కానీ మెత్తన. షోర్ ‘ఏ’ కొలతలో 40 చుట్టుపక్కల. మోటారు కింద పెడితే మోటారు ఊగుతుంది, చాప చేస్తే మడత పడుతుంది. గట్టిపడాలంటే ఏదో ఒక పొడి పడి తీరాలి. టైర్లవాళ్లు కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసి పొడి వేస్తారు. ఆసుపత్రి వరండాలో ఆకుపచ్చ చాప కావాలని మీరు అడిగినప్పుడు కార్బన్ బ్లాక్ ఎలా వేయను? అప్పుడు చైనా క్లే బస్తా విప్పుతాను. పింగాణీ కప్పుకూ నున్నని కాగితానికీ వాడే తెల్ల మట్టే ఇది. చైనాలో ఈ మట్టి తవ్విన గావోలింగ్ అనే ఊరి పేరు మీదనే దీనికి కేయోలిన్ అని పేరు. కేరళలోనూ దొరుకుతుంది. అంటే రబ్బరూ దాన్ని గట్టిపరిచే మట్టీ ఒకే రాష్ట్రం నుంచి రైలెక్కి రావచ్చు.

మట్టిలోనూ రెండు రకాలున్నాయి. మా వ్యాపారంలో హార్డ్ క్లే, సాఫ్ట్ క్లే అంటాం. మట్టి గట్టిదా మెత్తదా అని కాదు, రబ్బరును ఎంత గట్టిపరుస్తుందనే లెక్క. హార్డ్ క్లేలో రేణువులు ఎక్కువ భాగం రెండు మైక్రాన్ల కంటే చిన్నవి. విడివిడిగా చూడగలిగితే ఆరుపలకల బిళ్లల్లా ఉంటాయి. నూరు పాళ్ల రబ్బరులో నూరు పాళ్ల హార్డ్ క్లే వేస్తే హార్డ్‌నెస్ 40 నుంచి సుమారు 65కు చేరుతుంది. సాఫ్ట్ క్లే రేణువులు ముతకవి. అది కడుపు నింపుతుందే తప్ప బలమివ్వదు. బస్తాల మీద రంగు ఒకటే, ధర వేరు. తక్కువ ధర టెండరులో ఏది పడుతుందో మీరే ఊహించుకోండి.

ఇక్కడ మీలో చాలామందికి ఉన్న ఒక అపోహ తీర్చాలి. సగం మట్టే కాబట్టి తయారీదారుకు సగం డబ్బు మిగిలిపోతోందని మీ ఆడిటర్లు రాస్తారు. లెక్క వేసి చూద్దాం. కిలో రబ్బరు 200 రూపాయలు, కిలో మట్టి 10 రూపాయలు అనుకోండి. సమానంగా కలిపితే కిలో 105 రూపాయలు, దాదాపు సగం. బాగానే ఉంది. కానీ దిమ్మెను తూకంతో చేయం, అచ్చులో పట్టినంత పోసి చేస్తాం. రబ్బరు సాంద్రత 0.93, మట్టిది 2.6. నూరు గ్రాముల రబ్బరు 107 ఘన సెంటీమీటర్లకు పైగా ఉంటే, నూరు గ్రాముల మట్టి 38 మాత్రమే ఉంటుంది. కలిపిన ముద్ద సాంద్రత 1.37 అవుతుంది. లీటరు అచ్చు నింపడానికి ఉత్త రబ్బరైతే 186 రూపాయలు, మట్టి కలిపింది 144 రూపాయలు. మిగిలేది సగం కాదు, నాలుగో వంతు కంటే తక్కువ. ఆ మిగులు కోసమే మేం మట్టి వేస్తామని నేను బుకాయించను. మిగులూ కావాలి, గట్టితనమూ కావాలి. కానీ ఆ మిగులులోంచి రెండు రూపాయలు తీసి చిటికెడు దినుసులకు పెట్టకపోతే దిమ్మె అణుగుతుంది. ఎందుకో చెబుతాను.

పప్పు ఉడకకముందే చింతపండు పులుసు పోస్తే ఏమవుతుందో మీ ఇంట్లో అడగండి. గంటసేపు పొయ్యి మీద ఉంచినా పలుకు పలుకే. మట్టి కలిపిన రబ్బరుకు జరిగేదీ దాదాపు అలాంటిదే. 1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకంతో వేడి చేస్తే దాని జిగటతనం పోతుందని కనిపెట్టాడు. ఉత్త గంధకంతో అది గంటల పని. ఇప్పుడు ఉడుకును తొందరపెట్టే యాక్సిలరేటర్లు అనే మందులు, జింక్ ఆక్సైడ్, స్టియరిక్ యాసిడ్ కలిపి నిమిషాల్లో ముగిస్తాం. మట్టి స్వభావంలో పులుపు ఉంది. నీళ్లలో కలిపి చూస్తే పి.హెచ్. అయిదు దగ్గర ఉంటుంది. అంతేకాదు, ఆ బిళ్లల అంచుల మీద హైడ్రాక్సిల్ గుంపులు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, నోళ్లు తెరుచుకుని ఉంటాయి. రబ్బరు కోసం వేసిన యాక్సిలరేటరును కొంత, జింకును కొంత అవి పట్టేసుకుంటాయి. రబ్బరుకు వడ్డించిన విస్తరి మట్టి లాక్కుని తిన్నట్టు. ప్రెస్సు సమయం అయిపోతుంది, దిమ్మె బయటికి వస్తుంది, చూడటానికి లక్షణంగానే ఉంటుంది. లోపల మాత్రం రబ్బరు పోగుల మధ్య గంధకం వేయవలసిన ముడులు సగమే పడి ఉంటాయి.

దీనికి విరుగుడు పాతదే, చవకదే. డైఇథిలీన్ గ్లైకాల్ అనే చిక్కని రంగులేని ద్రవం. మా షెడ్డులో దాన్ని ‘సీసా మందు’ అంటారు. నూరు పాళ్ల మట్టికి ఒకటి రెండు పాళ్లు, మహా అయితే మూడు. దీన్ని మట్టితో పాటే వేయాలి, యాక్సిలరేటరు కంటే ముందు. మా కుర్రాడు ఇనుప తట్టలో మట్టి పోసి, మధ్యలో గుంట చేసి, సీసా మందు పోసి, చపాతీ పిండికి నూనె పట్టించినట్టు రెండు చేతులతో నలిపి అప్పుడు రోలర్ల మీద జల్లుతాడు. మట్టి కొంత రబ్బరులోకి పోతుంది, కొంత కింద ట్రేలో రాలుతుంది. రాలినది ఊడ్చి మళ్లీ వేయాలి. అక్కడ బద్ధకిస్తే తూకమంతా తారుమారు. సీసా మందు వెళ్లి మట్టి అంచుల మీద ముందే కూర్చుంటుంది. యాక్సిలరేటరు వచ్చేసరికి మట్టి నోళ్లన్నీ నిండి ఉంటాయి. అది రబ్బరు పని చూసుకుంటుంది.

ఈ మందు పేరు మీరు పత్రికల్లో చదివే ఉంటారు. దగ్గు సిరప్‌లో కలిసి పిల్లల ప్రాణాలు తీసినట్టు వార్తల్లో వచ్చింది ఇదే. 1937లో అమెరికాలో ఒక సల్ఫా మందును దీనిలో కరిగించి అమ్మితే వంద మందికి పైగా చనిపోయారు. మందుల కంపెనీలకు పేరుపడ్డ మన ఊళ్లో ఈ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. అందుకే నా షెడ్డులో ఆ డబ్బాకు తాళం ఉంటుంది, దాని మీద పుర్రె బొమ్మ ఉంటుంది. తాగే నీటి గాస్కెట్లకూ పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులకూ అది వాడను, పాలీఇథిలీన్ గ్లైకాల్ వాడతాను. అది కొవ్వొత్తి మైనంలా రేకులుగా వస్తుంది. చేసే పని అదే, ధర కాస్త ఎక్కువ. ట్రైఇథనోలమైన్ అనే మరొకటి కూడా ఉంది. అది పులుపును చల్లార్చడంతో పాటు ఉడకడాన్ని తానే తొందరపెడుతుంది. మే నెలలో దాన్ని ముట్టుకోవాలంటే నాకు భయం. బోరు నీళ్లే వెచ్చగా వచ్చే రోజుల్లో రోలర్లు చల్లబడవు, రబ్బరు అచ్చుకు వెళ్లకముందే మిల్లు మీదనే గడ్డకట్టడం మొదలుపెడుతుంది.

సీసా మందు వేసిందీ వేయనిదీ రెండు ముద్దల తేడా చూడాలంటే రియోమీటరు దగ్గర నిలబడాలి. గోలీ అంత ముద్దను రెండు వేడి పలకల మధ్య పెడితే యంత్రం దాన్ని అటూ ఇటూ మెలితిప్పుతూ ఎంత ఎదురుతిరుగుతోందో గీత గీస్తుంది. 150 డిగ్రీల దగ్గర మందు వేసిన ముద్ద గీత కాసేపు నేల మీద పాకి, గోల్కొండ మెట్లెక్కినట్టు చకచకా పైకి వెళ్లి, చదునుగా నిలబడుతుంది. వేయనిది ఆయాసపడుతూ వాలుగా ఎక్కుతూనే ఉంటుంది. పైకి చేరే లోపల మన ఓపికా ప్రెస్సు సమయమూ అయిపోతాయి. మొట్టమొదటిసారి ఆ రెండు గీతలూ పక్కపక్కన చూసినప్పుడు నాకు సిగ్గేసింది. అంతకు ముందు ఆరేళ్లుగా నేను కలిపినవన్నీ రెండో గీతలే.

ఇప్పుడు మావాళ్ల తప్పు. సరుకు సరిగా ఉడకడం లేదంటే మా యజమానుల్లో చాలామందికి తట్టే మొదటి ఉపాయం యాక్సిలరేటరు పెంచడం. ఒక పాలు పడేచోట రెండు, లేదా టి.ఎం.టి.డి. అనే మరింత చురుకైన యాక్సిలరేటరు కొంచెం జల్లడం. ఉడుకుతుంది, నిజమే. కానీ మట్టి తన వాటా తాను పట్టుకున్నాక మిగిలిన అదనం రబ్బరులో కరగక నెల తిరిగేసరికి పైకి తేలుతుంది. చాప మీద విభూతి రాసినట్టు తెల్లటి పూత కనిపిస్తే అదే. మీ స్టోరు గుమాస్తా ‘బూజు పట్టింది’ అని రాసే మరక అది. పైగా టి.ఎం.టి.డి. ఉడికేటప్పుడు నైట్రోసమైన్లు పుడతాయి, అవి క్యాన్సర్ కారకాలన్న పేరున్నవి. ప్రెస్సు ముందు నిలబడి ఆ ఆవిరి పీల్చేది నెలజీతం కుర్రాడు. రూపాయి సీసా మందుతో పోయేదానికి ఇంత దూరం పోతున్నాం.

అలాగని గ్లైకాల్ ఎంత పోస్తే అంత మంచిదని కాదు. ఎక్కువైతే అది గాలిలో తేమ లాగుతుంది, పైకి తేలుతుంది, మరీ తొందరగా ఉడికించేస్తుంది. మట్టి తనంతట తానే తేమ దాచుకుంటుంది కూడా. జూలైలో గచ్చు మీద పెట్టిన బస్తా మట్టిని ఆరబెట్టకుండా వాడితే, ఉడికేటప్పుడు ఆ తేమ ఆవిరై దిమ్మెను లోపల పొంగిస్తుంది. కోసి చూస్తే ఇడ్లీ కోసినట్టు బొక్కలు బొక్కలుగా ఉంటుంది.

ఆ వెనక్కి వచ్చిన దిమ్మెలను నేను కోసి చూశాను. బొక్కలు లేవు. రంగు బాగుంది. బొటనవేలితో నొక్కితే గట్టిగానే ఉంది. మీ ఇన్‌స్పెక్టరు గారి మీటరు 66 చూపింది, నాదీ 66 చూపింది. కానీ గోరుతో గీరితే జీర పడింది. ముక్క కోసి మెలిపెట్టి వదిలితే సోమరిగా, ఎవరో బతిమాలినట్టు వెనక్కి వచ్చింది. నాకు విషయం అర్థమైంది. ఎందుకంటే ఆ కాంపౌండ్ కలిపింది నేనే. అచ్చుపోసే యజమాని ‘అన్నా, ఈసారి రేటు బాగా కొట్టారు, ఆ సీసా మందు తీసేయి, మీటరు 65 చూపితే చాలు’ అన్నాడు. తీసేశాను. ఉడుకు తగ్గేసరికి హార్డ్‌నెస్ నాలుగయిదు అంకెలు పడిపోయింది. దాన్ని పైకి తేవడానికి ఇంకో ఇరవై పాళ్ల మట్టి వేశాను. మీటరు సంతృప్తి పడింది. తప్పు నాది, దాన్ని మట్టి మీదికి నెట్టను. ఈ లేఖ రాయడానికి అదే అసలు కారణం.

ఆ లెక్క జాగ్రత్తగా చూడండి. గట్టితనం రెండు దారుల్లో వస్తుంది: మట్టి వల్ల వస్తుంది, ఉడకడం వల్ల వస్తుంది. మీటరు సూది రెండింటినీ ఒకే అంకెలో చూపిస్తుంది. ఉడకనిదాన్ని మట్టితో గట్టిపరిస్తే మీ కాగితం మీద రెండూ 65లే. కాబట్టి ఒక్క హార్డ్‌నెస్ మాత్రమే అడిగే టెండరు, తక్కువ ఉడికించి ఎక్కువ మట్టి వేసినవాడికి బహుమానం ఇస్తుంది. మందు సరిగా వేసినవాడు ధరలో ఓడిపోతాడు. మట్టి వద్దన్న టెండరూ వాణ్ణే ఓడిస్తుంది. అప్పుడు మట్టికి బదులు సుద్ద వస్తుంది. ‘మట్టి ఉండరాదు’ అన్నారు గాని సుద్ద ఉండరాదని అనలేదు కదా. ముతక సుద్ద మట్టి కంటే బలహీనమైనది.

ఇంతకీ ఉడికిందో లేదో పట్టించే పరీక్ష ఉంది, దానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. కంప్రెషన్ సెట్ అంటారు. రబ్బరు పరీక్షల భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3400లో హార్డ్‌నెస్‌తో పాటు ఇదీ ఉంది. మీరు ఆ ప్రమాణం పేరు టెండరులో ఎలాగూ రాస్తారు, లోపలి పుటలు మాత్రం తిప్పరు. 12.5 మిల్లీమీటర్ల మందమున్న బిళ్లను రెండు ఇనుప పలకల మధ్య బోల్టులతో 9.4 మిల్లీమీటర్లకు బిగించి, 70 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఉంచి, విప్పి, అరగంట ఆగి కొలుస్తారు. అణిచింది 3.1 మిల్లీమీటర్లు. బిళ్ల 11.7కు తిరిగి వచ్చిందనుకుంటే పోగొట్టుకున్నది 0.8, అంటే 26 శాతం. 10.6 దగ్గరే ఆగిపోతే 61 శాతం. దిమ్మెకు ఉన్న పనల్లా అణిగి మళ్లీ లేవడమే. దాని గురించి ఒక్క అంకె కూడా అడగకుండా దిమ్మె కొనడం, పాలు ఇస్తుందో లేదో అడగకుండా కొమ్ములు చూసి గేదెను కొన్నట్టు.

మట్టి రబ్బరుకు సెట్ ఎక్కువే, గ్లైకాల్ వేసినా కార్బన్ బ్లాక్ వేసిన దానంత తగ్గదు. ఎందుకంటే గ్లైకాల్ మట్టిని ఊరుకోబెడుతుందే గాని రబ్బరుతో దానికి చుట్టరికం కలపదు. లాగినప్పుడు బిళ్ల అంచు దగ్గర రబ్బరు విడిపోతుంది. ఆ చుట్టరికం కలిపేవి సైలేన్లు. ఒక కొస మట్టి మీది హైడ్రాక్సిల్ గుంపుతో ముడిపడుతుంది, రెండో కొసన ఉన్న గంధకం రబ్బరుతో ముడిపడుతుంది. మధ్యవర్తి అనుకోండి. మట్టి బరువులో ఒక శాతం చాలు. సాగదీసినప్పటి బిగువు పెరుగుతుంది, చిరుగు ఆగుతుంది, సెట్ తగ్గుతుంది, పదే పదే అణిచినప్పుడు పుట్టే వేడి తగ్గుతుంది. వీటిలో మెర్కాప్టో అనే రకమైతే డబ్బా మూత తీయగానే వెల్లుల్లి కుళ్లినట్టు వాసన. మా వీధి కుక్కలు కూడా ఆ రోజు షెడ్డు వైపు రావు. నాలాంటి తెరుచుకుని ఉన్న మిల్లు మీద దాన్ని పూర్తిగా పని చేయించడం కష్టం, తగినంత వేడి చేరదు. ముందే సైలేన్ పట్టించిన మట్టి బస్తాల్లో దొరుకుతుంది, నేను అదే కొంటాను. ధర మామూలు మట్టికి ఎన్నో రెట్లు. కంపించే యంత్రాల కింద వేసే దిమ్మెలకు ఆ డబ్బు పెట్టడం న్యాయం. కాళ్లు తుడుచుకునే చాపకు పెట్టడం దండగ.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. కార్బన్ బ్లాక్ రబ్బరుకు గొడుగులాంటిది, అతినీలలోహిత కిరణాలను తానే మింగుతుంది. మట్టి ఆ పని చేయదు. మేడ మీద నీళ్ల ట్యాంకు మూతకు పెట్టిన ఎర్ర గాస్కెట్టు ఒక్క వేసవిలో పగుళ్లు తేలిందంటే సగం కారణం అది. మిగతా సగం యాంటీ ఆక్సిడెంట్, అంటే రబ్బరు గాలికి పాతబడకుండా కాపాడే మందు, చాలకపోవడం. నల్ల సరుకుకు వేసే రకాలు రంగు చాపలో వేస్తే గోధుమరంగు మరక దిగుతుంది. కాబట్టి స్టైరినేటెడ్ ఫీనాల్ వంటి మరక చేయనివి వేయాలి. అవి కాస్త బలహీనమైనవి. పైగా మట్టిలో మాంగనీసో రాగో కొద్దిగా ఉన్నా సహజ రబ్బరుకు విషమే, గాలిలోని ఆక్సిజన్‌ను దగ్గరుండి పిలిచినట్టు ఉంటుంది. మట్టి కొనేటప్పుడు ఆ రెండు లోహాల అంకెలు అడిగే యజమానులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వేడి ఓవెన్‌లో కొన్ని రోజులు పెట్టి, ముందూ వెనకా లాగి చూసే ఏజింగ్ పరీక్ష కూడా ఐ.ఎస్. 3400లోనే ఉంది.

మన దగ్గర దొరికే వాటితో ఈ చిటికెడు దినుసులు చేయవచ్చా అని ఒక ఇంజినీరింగ్ విద్యార్థి నన్ను అడిగాడు. అడగదగిన ప్రశ్నే. పలాసలో జీడిపప్పు ఒలిచాక మిగిలే తొక్కలోని నూనె ఉంది, చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది, లారీల బ్రేకు లైనింగుల్లో ఎప్పటినుంచో వాడుతున్నారు. దానిలో ఫీనాల్ గుణమూ, పొడవాటి నూనె గొలుసూ రెండూ ఉన్నాయి కాబట్టి రబ్బరును మెత్తపరచడానికీ, కొంతవరకు పాతబడకుండా కాపాడటానికీ పనికొస్తుందని పరిశోధనలు ఉన్నాయి. తవుడు నూనెలోని కొవ్వు ఆమ్లాలు స్టియరిక్ యాసిడ్ పని చేస్తాయి. నేను తవుడు నూనె వేసి చూశాను. మట్టి రబ్బరులోకి హాయిగా దిగింది. షెడ్డంతా రెండు రోజులు వంటిల్లు వాసన వచ్చింది. వ్యాపారంగా చేయలేదు, కాబట్టి అంతకంటే గొప్పలు చెప్పను.

నానో క్లే గురించి కూడా అడుగుతున్నారు, సెమినార్లలో అదే మాట. అది వేరే మట్టి, బెంటొనైట్ జాతి. కేయోలిన్ పేకకట్ట తడిసి అంటుకుపోయినట్టు ఉంటే, ఇది పొరలు విప్పుకునే రకం. ఒక్కో పొర మందం నానోమీటరు మాత్రమే. అమ్మోనియం లవణాలతో ఆ పొరలను రబ్బరుకు నచ్చేలా మార్చి వేస్తే అయిదు పాళ్లకే చాలా బలం వస్తుంది, గాలి కూడా తొందరగా దాటలేదు. తమాషా ఏమిటంటే మామూలు మట్టి ఉడకడాన్ని ఆపితే, ఆ అమ్మోనియం లవణం ఉడకడాన్ని తొందరపెడుతుంది. పొరలు నిజంగా విచ్చుకున్నాయో లేదో ఎక్స్‌రేతో చూడాలి, నా రోలర్ల మీద అవి విచ్చుకుంటాయన్న నమ్మకం నాకు లేదు. మీ టెండర్లలో ‘నానో’ అన్న మాట చూస్తే మాత్రం నవ్వొస్తుంది. హార్డ్‌నెస్ తప్ప మరేమీ కొలవని చోట నానో వేశారో నాపరాయి పొడి వేశారో ఎవరు చూడొచ్చారు?

వంతెనల కింద బేరింగుల్లోనో, లారీ టైరు అరిగే భాగంలోనో మట్టి వేయమని నేను అనడం లేదు. అక్కడ అరుగుదల, అలసట వేరు. నేనడిగేది మామూలు సరుకు గురించి.

టెండరులో మట్టి మీద నిషేధం తీసేయండి. హార్డ్‌నెస్ పక్కన కంప్రెషన్ సెట్ గరిష్ఠ పరిమితి రాయండి, ఏజింగ్ తర్వాత బలం ఎంత మిగలాలో రాయండి. ఎండలో ఉండే సరుకైతే ఆ మాట రాయండి. ఒక సాంద్రత పరిమితి కూడా పెట్టండి. ఆ పరీక్షకు కావలసింది త్రాసు, దారం, గ్లాసుడు నీళ్లు. ముక్కను గాలిలో ఒకసారి, నీళ్లలో వేలాడదీసి ఒకసారి తూస్తే దానిలో మట్టి ఎంత ఎక్కువ పడిందో అక్కడికక్కడే బయటపడుతుంది. 1.37 రావలసినది 1.5 దాటితే ఎవరో మీటరును మేపుతున్నారన్నమాట. ఇవన్నీ అడిగితే ధర కొద్దిగా పెరుగుతుంది, ఆ మాట ముందే చెబుతున్నాను. నాలుగు నెలలకొకసారి మోటారు ఎత్తి దిమ్మె మార్చే కూలీ మీ లెక్కల్లో ఏ పద్దులో పడుతుందో కూడా ఒకసారి చూడండి.

వెనక్కి వచ్చిన ఆ సరుకుకు బదులు కొత్త దిమ్మెలు నా ఖర్చుతోనే కలిపి ఇచ్చాను, సీసా మందు వేసి, అంతే మట్టితో. పాతదీ కొత్తదీ ఒక్కో ముక్క నా బల్ల మీద రెండు పలకల మధ్య బిగించి పెట్టాను. వచ్చే శనివారం పొద్దున విప్పుతాను. చూడాలనుకున్నవారు చర్లపల్లి రండి, టీ నాది. వచ్చేటప్పుడు మీ షోర్ మీటరు కూడా తెచ్చుకోండి. నాదాని స్ప్రింగు ఈమధ్య బలహీనపడింది, దేన్ని పెట్టినా 65 చూపిస్తోంది.

ఇట్లు,
ఒక రబ్బరు కాంపౌండరు,
చర్లపల్లి, హైదరాబాద్.